సంపాదకుని మాట: ఎక్కడ ఆగాడో వినండి

మూడో తరగతి పిల్లవాడు పాఠం గడగడా అప్పజెబుతాడు. అందులోనే ఒక మాట మీద వేలు పెడితే మౌనం. విని కంఠతా పట్టాడు కానీ చదవలేదు. అది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకంటే కాదు.

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టుకుంది. అదే దారిలో తెలంగాణ 2022లో ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది. అయితే ఏ పథకమైనా ఫలించేది పిల్లవాడి పక్కన కూర్చుని వినే టీచరు వల్లనే. మ, య తారుమారయ్యాయా? గుణింతం దగ్గర తడబడ్డాడా? ‘అమ్మ’ చదివినవాడు ‘పద్మ’ దగ్గర ఆగితే, ద్విత్వం వచ్చింది, సంయుక్తం రాలేదు. రేపటి పాఠం అక్కడే మొదలవ్వాలి.

ఇలా వినడం ఒక విద్య. రెండు రోజుల శిక్షణతో పట్టుబడదు. తోటి ఉపాధ్యాయులు తరగతిలో కూర్చుని చూసి, మాట్లాడుకుని, మళ్లీ ప్రయత్నిస్తేనే వస్తుంది. ఐదు తరగతులను ఇద్దరే మోసే బడిలో అందుకు సమయం కల్పించడం ప్రభుత్వ బాధ్యత.

ఈ సంచిక అలా నేర్చుకుంటున్న ఉపాధ్యాయులది. వారి ప్రయత్నాలతో పాటు సందేహాలనూ ఇందులో దాచకుండా ఉంచాం. చదవండి, మీ అనుభవాలు మాకు రాయండి.