పది వేళ్లకూ పని చెప్పాలి

పల్లెల్లో ఇప్పుడు రాతపని అంటే కంప్యూటరే. పంచాయతీ కార్యదర్శి, మీసేవ ఆపరేటరు, సహకార సంఘం గుమస్తా, మాబోటి విలేకరులు - అందరికీ మీటలతోనే పని. అయితే చాలామంది రెండు చూపుడువేళ్లతో, కోడి గింజలేరినట్టు ఒక్కో అక్షరాన్ని వెదికి కొడుతున్నారు. అవతల వరుసలో నిలబడ్డ రైతుకు పొద్దు గూకుతున్నది.

లెక్క చూడండి. 250 మాటల వార్తను నిమిషానికి 10 మాటల చొప్పున కొడితే 25 నిమిషాలు. 30 మాటల వేగం వస్తే 9 నిమిషాల లోపే.

ముప్పై దాటినాక వేళ్లు తిరుగుతాయా అని అడిగేవారున్నారు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే అక్కలను చూడండి. చాట ఒడిలో పెట్టుకొని, పక్కింటామెతో ముచ్చట పెడుతూనే చుడతారు. చూపు ఎటున్నా వేళ్లు ఆగవు. టైపూ అంతే. ఎఫ్, జె మీటలపై చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. చూపుడువేళ్లు అక్కడ ఆనితే మిగతావి తమ చోట కూర్చుంటాయి. 1888లో అమెరికాలోని సిన్సినాటిలో పోటీ జరిగితే, మీటలు చూడకుండా కొట్టిన మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరే నెగ్గాడు.

తెలుగుకు ఇన్‌స్క్రిప్టు అమరిక నేర్వడమే మేలు. గుణింతం గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ప, ర, క, త, చ నడిమి వరుసలోనే ఉంటాయి. మరాఠీకీ ఇదే అమరిక. తెలుగు 'క' ఏ మీటపై ఉందో మరాఠీ 'క' కూడా అక్కడే. ఆదిలాబాద్ వారికి ఒక్క కష్టంతో రెండు భాషలు దక్కినట్టే.

మొదటి నెల మాత్రం పాత వేగం కూడా రాదు. విసిగి మళ్లీ రెండు వేళ్లకు దిగేవారే ఎక్కువ. రోజూ అరగంట ఓపిక పట్టాలి. ఫోనులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి కదా అంటారు. నిజమే, కాని ఇంటిపేర్లు, ఊరిపేర్లు వచ్చేసరికి అది తడబడుతుంది. పాసుబుక్కులో ఒక్క అక్షరం తప్పితే దిద్దించుకోవడానికి ఎన్ని తిరుగుళ్లో రైతులకు చెప్పనక్కరలేదు.

2016లో పాత రెండు జిల్లాలు ఎనిమిదయ్యాయి. కార్యాలయాలు పెరిగాయి, టైపు వచ్చిన చేతులు అంతగా పెరిగినట్టు లేదు. పాత టైపు ఇన్‌స్టిట్యూట్లు చాలావరకు మూతపడ్డాయి. కంప్యూటర్లున్న గ్రంథాలయాల్లో, జూనియర్ కళాశాలల్లో సాయంత్రం ఒక గంట పెద్దలకు కేటాయించాలని కలెక్టర్లను కోరుతున్నాము. అక్కడ మీటలపై అక్షరాల స్టిక్కర్లు మాత్రం అంటించవద్దు. అవి ఉంటే చూపు కిందికే పోతుంది.