గోడమీది కోపం

వేసవి సెలవులు. సముద్రం పక్కన ఇల్లు. అక్కాతమ్ముళ్ల మధ్య పెద్ద వాదన... అదీ జర్మన్ తత్వవేత్త కాంట్ గురించి! తమ్ముడిదే పైచేయి అయ్యేసరికి అక్కకి ఒళ్లు మండింది. తిన్నగా పెరట్లోకి వెళ్లి, మరుగుదొడ్డి గోడమీద చేతనైనంత వికారంగా ఓ జీవిని గీసి, కింద 'కాంట్' అని రాసేసింది.

ఆ అక్క పేరు టోవె యాన్సన్. 1914లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో పుట్టింది. నాన్న శిల్పి, అమ్మ చిత్రకారిణి. స్వీడన్‌లో చదువుకునేటప్పుడు టోవె మేనమామ ఇంట్లో ఉండేది. రాత్రిళ్లు వంటింట్లో దూరి చాటుగా తినే మేనకోడలిని ఆయన ఓ మాటతో బెదిరించాడు. పొయ్యి వెనక 'మూమిన్' భూతం ఉంటుందనీ, అది వచ్చి మెడమీద చల్లగా ఊదుతుందనీ! అలా గోడమీది జీవికి పేరు కూడా దొరికింది.

పదిహేనో ఏటి నుంచే టోవె 'గార్మ్' అనే వ్యంగ్యపత్రికకు బొమ్మలు గీసేది. 1938లో హిట్లర్‌ని ఏడ్చి మారాం చేసే పసివాడిలా చూపించిన ధైర్యం ఆమెది. ఆ కార్టూన్లలో సంతకం దగ్గర సన్నగా, పొడుగు ముక్కుతో, చిరాకు మొహంతో ఓ బుల్లి జీవి కనిపించేది. అదే మూమిన్!

1939 చలికాలంలో సోవియట్ సేనలు ఫిన్లాండ్‌మీద పడ్డాయి. టోవెకి బొమ్మలు వేయడమే అర్థంలేని పనిగా తోచింది. మనసు కుదుటపడటానికి, ఆ చిరాకు జీవినే హీరోగా పెట్టి ఓ కథ మొదలుపెట్టింది. సగంలో ఆగిన ఆ కథని, బొమ్మలతో పూర్తిచేయమని తర్వాత ఓ స్నేహితుడు ప్రోత్సహించాడు. 1945లో పుస్తకం వచ్చింది. తప్పిపోయిన నాన్నని వరదలో వెతుక్కుంటూ వెళ్లే తల్లీకొడుకుల కథ అది. నాన్న దొరుకుతాడు, ఇల్లూ దొరుకుతుంది. యుద్ధంలో ఎన్నో ఇళ్లు కోల్పోయింది సరిగ్గా ఆ రెండింటినే కదా!

పుస్తకాలు పెరిగేకొద్దీ మూమిన్ ఒళ్లు చేసింది. ముక్కు గుండ్రమైంది, చిరాకు పోయింది. 1954 నుంచి లండన్ దినపత్రికలో కామిక్‌గానూ వచ్చింది. 1966లో బాలసాహిత్యానికిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు టోవెని వరించింది. రోజూ కామిక్ గీసి ఆమె అలిసిపోతే, ఆ బాధ్యత అందుకుని 1975 దాకా నడిపింది చిన్నతమ్ముడు లార్స్.

ఒక తమ్ముడిమీద కోపంతో గీసిన బొమ్మ మరో తమ్ముడి చేతికి కుంచె అందించిందన్నమాట. 

పిల్లలు కీచులాడుకుని గోడలు పాడుచేస్తే, సున్నం వేయించేముందు ఆ బొమ్మని ఒక్కసారి చూడండి!