దిగిపోయే ముందు సంతకాలు

2019 నవంబరు ఎన్నికల్లో ఐదు వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయిన అమెరికాలోని కెంటకీ రాష్ట్ర గవర్నర్ మాట్ బెవిన్, డిసెంబరులో పదవి దిగేలోపు 428 మందికి క్షమాభిక్షలు, శిక్ష తగ్గింపులు ఇచ్చారు. వాళ్లలో చిన్నపాటి డ్రగ్స్ కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల విషయంలో ఆయన్ని తప్పుపట్టలేం. కానీ అదే జాబితాలో, 2014లో ఒక ఇంట్లోకి చొరబడి మనిషిని చంపిన కేసులో శిక్ష అనుభవిస్తున్న యువకుడూ ఉన్నాడు. అతని కుటుంబం 2018లో బెవిన్ కోసం విందు ఏర్పాటు చేసి 21,500 డాలర్ల విరాళాలు పోగుచేసింది. ఆధారాలు బలంగా లేవనే క్షమించానని బెవిన్ వాదించారు. మరి అదే కేసులో శిక్షపడిన తోటివాళ్లు జైల్లోనే ఎందుకు ఉండిపోయినట్టు? తర్వాత ఫెడరల్ కోర్టు ఆ హత్యకే అతనికి 42 ఏళ్ల శిక్ష వేసింది.

ఇది మనకు కొత్త కథేమీ కాదు. 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్, కర్నూలు జిల్లాలో ఇద్దరి మరణానికి సంబంధించిన కేసులో శిక్షపడిన అధికార పార్టీ నాయకుడికి మిగిలిన శిక్ష మాఫీ చేశారు. ఆ నాయకుడి భార్య అప్పటికి ఎమ్మెల్యే. అధికారులు పంపిన నివేదికల్లో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా ఉంది! హతుల్లో ఒకరి కొడుకు కోర్టుకెక్కాడు. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, పార్టీ విధేయత చూసి క్షమించడానికి వీల్లేదని తేల్చిచెప్పింది.

అన్నిచోట్లా ఇలా ఒక్కరి చేతిలోనే ఉండదు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో 1943 నుంచి క్షమాభిక్ష అధికారం గవర్నరుది కాదు, బోర్డుది. టెక్సస్‌లో బోర్డు సిఫారసు చేయనిదే గవర్నర్ క్షమించలేరు. ఆ బోర్డుల్లో ఉండేదీ గవర్నర్లు నియమించినవాళ్లే కాబట్టి, ఇదొక్కటే సరిపోతుందని మేం అనుకోవడం లేదు.

అలాగని ఈ అధికారాన్నే రద్దు చేయమంటే ఒప్పుకోం. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ కేసులో ఉరిశిక్ష పడ్డ ఇద్దరు దళిత యువకుల వెనుక డబ్బూ లేదు, పార్టీ లేదు. హక్కుల సంఘాలు, రచయితలు పట్టుబట్టి పోరాడాక రాష్ట్రపతి ఉరిని యావజ్జీవంగా మార్చారు. అలాంటివాళ్లకు చివరి దిక్కు ఈ తలుపే.

అందుకే మేం అడిగేది రెండే. సంతకం పెట్టేముందు బాధిత కుటుంబాన్ని పిలిచి వినాలి. ఎందుకు క్షమిస్తున్నారో ప్రతి పేరు పక్కనా రాసి, ప్రజల ముందు పెట్టాలి.