యంత్రమునకున్న వివేకము శాసనమునకు లేదా?

ఉత్తమమైన క్రీడా మోటారుసైకిలు మన దేశమున తయారు కానేరదని పెదవి విరిచినవారికి హోసూరు కర్మాగారము ప్రత్యుత్తరము చెప్పి యేండ్లు గడచినవి. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న ఆ సరిహద్దు పట్టణమునుండి టి.వి.ఎస్. సంస్థ, జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థతో 2013లో చేసికొన్న యొడంబడిక ఫలముగా, 2017 డిసెంబరులో అపాచీ ఆర్.ఆర్. 310 అను వాహనమును వెలువరించినది. ఒకే సిలిండరు, 312 సి.సి.; నాటి బలము 34 అశ్వశక్తులు. 2024 సెప్టెంబరునాటి సంస్కరణమున నది 38కి పెరిగినది. ఇది గర్వింపదగిన విషయమే. కాని గర్వముతో తృప్తిపడి యూరకున్నచో మన కర్తవ్యము సగమే నెరవేరినదగును.

ఈ క్రొత్త వాహనమును మేమిటీవల నడిపి చూచితిమి. దీని యింజను నిర్మాణము తారుమారు. సిలిండరు వెనుకకు వాలియుండును. గాలి ముందునుండి ప్రవేశించి, పొగ వెనుకకు వెడలును. అందుచే బరువు ముందు చక్రమువైపు చేరి, మలుపు వచ్చినపుడు నడపువాని తలంపును ముందుగనే గ్రహించినట్లు వాహన మొరుగును. బ్రేకు మీటపై రెండు వ్రేళ్లుంచిన చాలును. నాలుగు వరుసల రహదారిపై మోటారుసైకిలునకు శాసనము విధించిన 80 కిలోమీటర్ల హద్దు మూడవ గేరులోనే యెదురైనది. అచ్చట మేమాగితిమి. యంత్రమున కింకను ఎంతో బలము మిగిలియే యున్నది.

అయినను మమ్మాలోచింపజేసినది దాని వేగము కాదు. ఆ వేగమును మితపరచుకొను నేర్పు. వాన, పట్టణము, క్రీడ, పందెపుబాట అని దీనికి నాలుగు రీతులు కలవు. మొదటి రెండింటిలో యంత్రమే తన బలమును తగ్గించుకొనును. బ్రేకుల పట్టువిడుపులును రీతి ననుసరించి మారును. తడినేలకును పొడినేలకును, సంతవీధికిని పందెపుబాటకును భేదము కలదని యీ లోహపు ముద్ద యెరుగును. మన శాసన మెరుగునా?

1988 నాటి మోటారు వాహనముల చట్టము 10వ సెక్షను చూడుడు. గేరులేని మోటారుసైకిలు, గేరుగల మోటారుసైకిలు, ఇంతియే విభాగము! పదునెనిమిదేండ్ల యువకుడు 100 సి.సి. బండిపై ఎనిమిదంకె చుట్టి పరీక్ష నెగ్గినచో, ఆ లైసెన్సుతోనే మరునాడు 1000 సి.సి. వాహనమునైనను నడుపవచ్చును. తెప్ప నడపువానికి ఓడ నప్పగింపము గదా! ఇచ్చట మాత్రము అడ్డులేదేల? ఐరోపా సమాజ దేశములలో 2013 నుండి అమలునందున్న నిబంధనలను చూడుడు. 11 కిలోవాట్ల బలమువరకు నొక తరగతి, 35 వరకు రెండవది, ఆపైన మూడవది. రెండవ తరగతిలో రెండేండ్లు గడపినవాడే సామాన్యముగా పై మెట్టెక్కును. తిన్నగా నెక్కగోరువానికి 24 ఏండ్లు నిండవలెను. మన హోసూరు వాహనము సుమారు 28 కిలోవాట్లది కావున అచ్చట రెండవ తరగతికి చెందును. ఇచ్చట తరగతులే లేవు!

2022లో మన రహదారులపై 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించినది. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై నున్నవారు. మొత్తము మరణములలో నూటికి డెబ్బదియొకటికి పైగా అతివేగము ఖాతాలోనే చేరినవి. ఇవన్నియు క్రీడావాహనములపై జరిగినవని మేమనము. కాని చిన్న బండ్లపైననే యింత నాశనము జరుగుచుండగా, పెద్ద బలమును శిక్షణలేని చేతుల కప్పగించుట వివేకమా?

తొలి సవారి వర్ణనలు వ్రాయు మిత్రులకును ఒక మాట. మూసిన పందెపుబాటపై, తోలు కవచము తొడిగి, ఎదుట ఎద్దుబండియు అడ్డముగ దూకు మేకయు లేనిచోట పొందిన యానందమును మీరు మనోహరముగా వర్ణింతురు. చదువరి దానిని తన యూరి బజారుకు మోసికొనిపోవును. ఏ రీతి యెచ్చట తగునో, ఎంతటి సాధన కావలెనో గూడ వ్రాయుట మీ ధర్మము కాదా?

తరగతులు పెంచినచో దళారుల రాబడి పెరుగునని కొందరందురు. దళారి యున్నాడని పరీక్షయే వలదనుట, దొంగ యున్నాడని తలుపే వలదనుట వంటిది. దళారిని తరుముడు, పరీక్షను నిలుపుడు.

కావున మేము కోరునవి రెండే. బలము ననుసరించి లైసెన్సు తరగతు లేర్పడునట్లు పార్లమెంటు 10వ సెక్షనును సవరింపవలెను. ఇట్టి వాహనము నమ్ము ప్రతి సంస్థయు తాళముతోపాటు శిక్షణము నీయవలెను. పఠనమందిరములలో దీనిని చర్చించి, మీ లోకసభ సభ్యునకు వ్రాయుడు. ఉత్తమ యంత్రమును నిర్మించిన దేశము ఉత్తమ చోదకుని నిర్మింపలేదా? నిర్మింపగలదు, పూనికయే కావలెను.