సెలవు అమ్ముకోవడానికి కాదు

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగి ఎవరిని కదిలించినా సరెండర్ లీవ్ మాట వస్తుంది. సంపాదించుకున్న సెలవుల్లో ఏడాదికి 15 రోజులు ప్రభుత్వానికి వదిలేసి ఆ రోజులకు జీతం తీసుకోవచ్చు. మిగిలినవి 300 రోజుల వరకూ పోగేసుకుని రిటైరైనప్పుడు సొమ్ము చేసుకోవచ్చు. ఆ బిల్లులు ట్రెజరీలో ఆగిపోతే ఉద్యోగ సంఘాలు గట్టిగానే అడుగుతాయి, అడగాల్సిందే కూడా. అయితే వాడుకోకుండా మురిగిపోయిన సెలవు గురించి, మూడేళ్లుగా ఊరు కదలని ఉద్యోగి గురించి అడిగిన సంఘం కనిపించదు. సెలవంటే పక్కన దాచుకునే డబ్బు అన్న లెక్క మనలో అంతగా పాతుకుపోయింది. ఈ లెక్క తప్పు. విశ్రాంతి కోసం కొద్దికొద్ది రోజులుగానైనా సరే, ఏడాది పొడవునా క్రమంగా ఊరు దాటి వెళ్లిరావడం అందరికీ అవసరం. ఆ రోజుల్ని డబ్బుగా మార్చుకోమని ప్రోత్సహించే పద్ధతి పోవాలి.

సెలవును కూడబెట్టవచ్చు, విశ్రాంతిని కూడబెట్టలేం. నెదర్లాండ్స్‌లో జెసికా డి బ్లూమ్ బృందం వేసవిలో సుదీర్ఘ సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు సగటున 23 రోజులు సెలవులో ఉన్నారు. ఆరోగ్యం, ఉల్లాసం సెలవు మొదలవగానే పెరిగి, ఎనిమిదో రోజుకు తారస్థాయికి చేరాయి. తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే ఎప్పటి స్థితికి దిగిపోయాయి. చూసింది కొద్దిమందినే కాబట్టి ఆ ఎనిమిదో రోజును పట్టుకుని కూర్చోనక్కర్లేదు. కానీ సెలవు ఇచ్చిన తేలిక పనిలో పడ్డాక త్వరగా కరిగిపోతుందన్న సంగతి ఇతర అధ్యయనాల్లోనూ కనిపించింది. దీన్ని చూసి కొందరు, అలాంటప్పుడు సెలవెందుకు, దండగ కదా అంటారు. ఒకసారి తిన్న భోజనం మర్నాటికి అరిగిపోతుందని తినడం మానేయం. త్వరగా కరిగిపోయేది కాబట్టే మళ్లీమళ్లీ కావాలి. ఐదేళ్లకోసారి అప్పుచేసి పదిహేను రోజులు ఉత్తర భారత యాత్ర చేయడం కంటే, రెండు మూడు నెలలకోసారి రెండో శనివారానికి, ఆదివారానికి ఒక క్యాజువల్ లీవ్ కలుపుకుని వెళ్లిరావడం ఒంటికి, మనసుకు ఎక్కువ మేలు.

గుండెకు సంబంధించిన సాక్ష్యం కూడా ఉంది. అమెరికాలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 12 వేల మందికి పైగా మగవాళ్లను తొమ్మిదేళ్లు గమనించిన అధ్యయనం 2000లో వెలువడింది. ఏటా సెలవు తీసుకున్నవాళ్లలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు తక్కువగా తేలాయి. డబ్బు, ఆరోగ్యం ఉన్నవాళ్లే తిరుగుతారు కదా, అందుకే అలా తేలి ఉంటుందన్న అనుమానం సహజం. పరిశోధకులు ఆదాయం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పూర్తిగా చెరిగిపోలేదు. సెలవే ప్రాణం కాపాడిందని దీన్నిబట్టి తేల్చేయలేం. ఎడతెగని పని మాత్రం ప్రాణాల మీదికి తెస్తుందనడానికి ఆధారం ఇంకా బలంగా ఉంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల 2016లో ప్రపంచవ్యాప్తంగా పక్షవాతం, గుండెజబ్బులతో సుమారు 7 లక్షల 45 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా వేశాయి. వారానికి 70 గంటలు, 90 గంటలు పనిచేయాలని పెద్ద కంపెనీల అధిపతులు బహిరంగంగా సలహాలిస్తున్న దేశంలో ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

ఇంట్లోనే పడుకుంటే సరిపోదా, ఊళ్లు తిరగాలా అనేది అందరూ వేసే ప్రశ్న. సరిపోయేవాళ్లకు సరిపోతుంది. అయితే పని నుంచి మనసు విడిపడినప్పుడే అలసట తీరుతుందని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త సబీనె జోనెన్‌టాగ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆఫీసు వాట్సాప్ గ్రూపు మోగుతున్నంతసేపూ సోఫాలో ఉన్నా ఆఫీసులో ఉన్నట్టే. ఇక ఆడవాళ్లకు ఇల్లే పనిచోటు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే ఖర్చు పెడుతుంటే, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అందుకే ఇంట్లో గడిపే ఆదివారం ఆమెకు సెలవు కాదు. ప్రయాణాల్లోనూ ఆ బరువు ఆమెనే అంటిపెట్టుకుంటుంది. నాగార్జునసాగర్ వెళ్దామంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపేది, నీళ్ల సీసాలు నింపేది, పిల్లల బట్టలు, మామగారి బీపీ మాత్రలు సర్దేది, రాత్రి తిరిగొచ్చి డబ్బాలు తోమేది ఆమే. దారిలో ఏ మెస్సులోనో తిని, ఇంటికొచ్చాక ఆ పని మగవాళ్లు అందుకుంటే తప్ప దాన్ని కుటుంబానికంతటికీ విశ్రాంతి అనలేం.

డబ్బు అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సరెండర్ లీవ్ సొమ్ము చాలా ఇళ్లలో పిల్లల కాలేజీ ఫీజు. దాన్ని రద్దు చేసి ఊరుకుంటే అన్యాయమే అవుతుంది, ఆ మేరకు జీతంలో కలపాలి. కానీ జీతం చాలక విశ్రాంతిని అమ్ముకోవాల్సి రావడమే అసలు జబ్బు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970 నాటి 132వ ఒప్పందంలో ఏడాదికి కనీసం మూడు వారాల వేతన సెలవు ఉండాలని, పరిహారం తీసుకుని ఆ కనీస సెలవు వదులుకునే ఒడంబడికలు చెల్లకూడదని రాసింది. ఐరోపా సమాఖ్యలో నాలుగు వారాల సెలవుకు బదులు డబ్బు ఇవ్వడం కుదరదు, ఉద్యోగం ముగిసినప్పుడు మిగిలిపోయిన రోజులకు తప్ప. మన ఫ్యాక్టరీల చట్టం 20 పనిరోజులకు ఒక రోజు చొప్పున సెలవిచ్చింది. 2020 వృత్తి భద్రత కోడ్ అదే లెక్కను ఉంచి, కార్మికుడు అడిగితే ఏడాది చివర డబ్బుగా మార్చుకునే వీలు కల్పించింది. కార్మికుడికి మేలు చేస్తున్నామనే అనుకుని ఉండవచ్చు. కానీ తక్కువ జీతగాడు అడగక ఏం చేస్తాడు? ఏడాదిలో కనీసం పది రోజులు అమ్మకానికి వీల్లేకుండా, తప్పనిసరిగా వాడుకునేలా నిబంధన ఉండాలి.

అందరూ బయల్దేరితే అరకు, లంబసింగి ఏమైపోతాయన్న బెంగ నిజమైనదే. చలికాలం వారాంతాల్లో ఆ ఘాట్ రోడ్ల మీద బారులు తీరే కార్లు, వాటి వెనక మిగిలే ప్లాస్టిక్ చూస్తే ఎవరికైనా బాధేస్తుంది. జనమంతా అవే నాలుగు పండగ సెలవులకు ఎగబడటం అందుకు పెద్ద కారణం. సెలవు హక్కుగా, విడతలుగా దొరికితే మామూలు మంగళవారం కూడా వెళ్లవచ్చు. హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి, గుంటూరు వాళ్లకు సూర్యలంక, మదనపల్లె వాళ్లకు హార్స్‌లీ హిల్స్ బస్సు దూరంలోనే ఉన్నాయి.

ఇంతా చేస్తే ఇది సెలవు లెక్క ఉన్నవాళ్ల సంగతి. మన ఇళ్లలో అంట్లు తోమే మనిషి ఒకరోజు రాకపోతే దాన్ని నాగా అంటాం, చాలా ఇళ్లలో జీతం కోస్తాం. ఆమెకు అమ్ముకోవడానికి కూడా సెలవు లేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నెలకు రెండు రోజులు కోతలేని సెలవు, ఏడాదికి ఒకసారి వారం రోజులు జీతంతో పుట్టింటికో తిరుమలకో వెళ్లే వీలు, పనిలో పెట్టుకునేటప్పుడే మాట్లాడుకుని ఈ నెల నుంచే ఇవ్వవచ్చు.