సూదికి ముందే పాలు పట్టండి

బుధవారం పొద్దున్న మా విజయనగరం జిల్లాలో ఒక పల్లె అంగన్‌వాడీ. ఆరు వారాల పసిగుడ్డు. ఆ వయసుకి మూడు సూదులు: రెండు తొడలకీ చెరొకటి, కుడి చేతికొకటి. బల్ల మీద పడుకోబెట్టి, కాళ్లు అదిమిపట్టి పొడిచారు. బిడ్డ గుక్కపట్టింది.

"ఏటీ కాదే, సీమ కుట్టినట్టుంటాది" అంది అమ్మమ్మ. తల్లి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. మూడూ అయ్యాక బిడ్డని చేతికిస్తే అప్పుడు పాలిచ్చింది. ఆ పాలేవో అయిదు నిమిషాల ముందే పట్టి ఉంటే!

అమ్మమ్మని తప్పుపట్టలేను. 1980ల నడిమి దాకా పెద్ద పెద్ద డాక్టర్లే పసికందులకి నొప్పి తెలీదనుకున్నారు. మత్తు ప్రమాదమని, ఒళ్లు కదలనివ్వని మందు మాత్రం ఇచ్చి ఆపరేషన్లు చేసిన రోజులున్నాయి. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ నమ్మకాన్ని కూలదోసింది మన దేశపు వైద్యుడే. ఇండోర్‌లో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆపరేషన్లో ఫెంటానిల్ అనే నొప్పిమందు ఇచ్చిన నెలతక్కువ పిల్లలు బాగా కోలుకున్నారని 1987లో లాన్సెట్ పత్రికలో చూపించారు.

నోరులేని బిడ్డ నొప్పిని మొహంలోనే చదవాలి. నొసలు ముడిపడతాయి, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, పిడికిళ్లు బిగుస్తాయి. మరీ నీరసించిన బిడ్డ ఏడవనైనా ఏడవదు. 'బుద్ధిగా ఉంది' అనుకుంటాం. నాకు భయమేసేది అక్కడే.

ఒడిశాలో, కొరాపుట్ అవతల నవరంగపూర్ జిల్లాలో 2025లో నెలబిడ్డకి జ్వరం తగ్గుతుందని 40 దాకా వాతలు పెట్టారు. పసివాడు మర్చిపోతాడులే అనుకోబట్టే ఇలాంటివి సాగుతున్నాయి.

టీకాలప్పుడు బిడ్డని తల్లి ఒళ్లోనే ఉంచాలని, సూదికి కాస్త ముందుగానీ పొడిచేటప్పుడుగానీ చనుపాలు పట్టాలని, ఎక్కువ నొప్పెట్టే టీకా చివర వెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. దీనికి మందులు అక్కర్లేదు. తల్లికో కుర్చీ, చాటుకో పాత చీర చాలు. ఊహ తెలిసిన పిల్లలకైతే "నొప్పుండదు" అని మాత్రం చెప్పకండి. ఒకసారి మోసపోతే మళ్లీ మన మాట నమ్మరు.

ఏఎన్ఎం అమ్మలకీ, ఆశా చెల్లెళ్లకీ ఒకటే మనవి. వచ్చే బుధవారం సిరంజి చేతిలోకి తీసుకునేముందు, బిడ్డకి పాలు పట్టమని ఆ తల్లికి చెప్పండి.