పొరల కలయికలోని లెక్క

మన పట్టణములలోని ఫోటో స్టూడియోలలో పని నేర్చుకొను యువకులు, ఫోటోషాపులో ఒక లేయరుపై మఱొక లేయరునుంచి, బ్లెండింగ్ మోడుల పట్టికను తెఱచి, ఒక్కొక్క పేరునే నొక్కి చూచుచు, కంటికింపైన చోట నిలిచిపోవుదురు. ఒక చిత్రమునకు నప్పినది ప్రక్క చిత్రమునకేల నప్పలేదని యడిగిన చెప్పజాలరు. దీనిని విద్య యనుటకు నాకు మనసొప్పదు. ఇరువదికి మించిన ఆ మోడులలో మూడింటి గణితము తెలిసినచో స్టూడియో పనిలో అధికభాగము నెఱవేఱును. అది బడిపిల్లలకును అందని గణితము కాదు.

8 బిట్ల చిత్రమున ప్రతి బిందువునకును, ఒక్కొక్క వర్ణమునందు, 0 మొదలు 255 వఱకు నొక సంఖ్య యుండును. మల్టిప్లై యనునది పైపొర సంఖ్యను క్రిందిపొర సంఖ్యతో గుణించి 255చే భాగించును. కావున 128పై 128 పడినచో 64 వచ్చును, తెలుపు మాత్రము దేనిని మార్పక తానే అదృశ్యమగును. స్క్రీన్ దీనికి విలోమము: అదే 128పై 128 పడిన 192 అగును, ఇందు అదృశ్యమగునది నలుపు. ఓవర్‌లే, క్రిందిపొర చీకటిగా నున్నచోట మల్టిప్లై వలెను, వెలుగుగా నున్నచోట స్క్రీన్ వలెను ప్రవర్తించును గనుక, పైపొరలోని మధ్యస్థమైన బూడిదరంగు అందు ఏ ప్రభావమును చూపదు. రెండు ఫిల్ములను జతచేసి దీపమునకెదురుగా పట్టి చూచిన పాతకాలపు ఫోటోగ్రాఫరు, పేరెఱుగకయే మల్టిప్లైని చూచియున్నాడు.

ఈ లెక్క తెలిసినవాడు, తాతగారి కాలమునాటి వెలిసిన ఫోటో చేతికి వచ్చినప్పుడు, పట్టికలో తడవులాడడు. స్కాను చేసిన లేయరునకు నకలు తీసి, మల్టిప్లైలో నుంచి, గాఢత మితిమీరినచో అపాసిటీ తగ్గించును. పెండ్లికూతురి ముఖమున వెలుగు చాలనిచో, ఆ మధ్యస్థమైన బూడిదరంగు లేయరును ఓవర్‌లేలో నుంచి, దానిపై మెత్తని బ్రష్షుతో తెలుపు పూయును. అసలు చిత్రమునకు గీటైనను పడదు. ఇంత తెలుపేల యని ఇంటివారన్నచో — మనవారిలో అట్లనువారు అరుదే — ఆ లేయరును తొలగించిన చాలును.

చివరకు తీర్పు చెప్పవలసినది కన్నే కదా యందురు. నిజమే, ఎంత యనునది కన్ను చెప్పును, ఏది యనునది లెక్క చెప్పును.

ఈ సౌకర్యము మొదటినుండి ఉన్నది కాదు: 1990లో వెలువడిన ఫోటోషాపున లేయర్లే లేవు. 1994లో మూడవ వెర్షనుతో వచ్చినవి. నేడు వెలయీయనక్కఱలేని గింప్, క్రితాలలోను ఈ మూడు మోడులు గలవు. రెడీమేడు టెంప్లేట్లలో ముఖములు మార్చుటయే పాఠముగా నేర్పుచున్న శిక్షణకేంద్రములవారు, మొదటి దినముననే ఈ మూడు లెక్కలను విద్యార్థులచే కాగితముపై చేయింపవలెనని నా మనవి.